పంటి కింద ఖాకీ

ఆనందమ్మ ఎండ రాకముందే సెంటర్‌కు వచ్చి జాగ ఊడ్చుకుంది. వడ్లు కొనే సెంటర్ ఊరి బయట, పెద్దపల్లి రోడ్డు పక్కన ఉంది. కోతలు మొదలైతే అక్కడ మంచి జాగ దొరకడం కష్టం. కొంచెం మిట్టగా, గట్టిగా ఉన్న నేల చూసుకుని, రాళ్ళు ఏరి, దుమ్ము లేవడం ఆగేదాకా ఊడ్చి, పేడనీళ్ళు చల్లి అలికింది. మనవరాలు శారోను బోరింగు నుంచి చెంబుతో నీళ్ళు మోసింది. అలికిన నేల ఆరేదాకా ఇద్దరూ పక్కన కూర్చుని చద్దన్నం తిన్నారు.

నేల ఆరింది. వడ్ల ట్రాక్టర్ కూడా వచ్చింది. కానీ అది వాళ్ళది కాదు, బుచ్చిరాములుది.

బుచ్చిరాములు వాళ్ళ వాడకట్టు మనిషే. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడతాడు. ట్రాలీని వెనక్కి తిప్పిస్తూ ఆనందమ్మకు చెయ్యి ఊపాడు.

"వదినే, జర పక్కకు జరుగు. మీ వడ్లు ఇంక రాలేగా?"

"కోస్తున్నరు తమ్మీ. పగటియాల్లకు వస్తయి."

"గా ఎకరంల ఎన్నొస్తయి తియ్యి. మూలకు గాడ పోస్కో. మావి మస్తున్నయి. నీకేం ఫికర్, నేను లేనా?"

ట్రాలీ పైకి లేచింది. వడ్లు జర్రున జారి అలికిన నేలమీద పడ్డాయి. ఆనందమ్మ పొరక, తట్ట, చెంబు ఏరుకుంది. కాలువ వైపు పల్లంగా ఉన్న మూలకు నడిచి, కొంగు నడుముకు చెక్కి, మళ్ళీ మొదటి నుంచి ఊడవడం మొదలుపెట్టింది. ఆమె ముఖంలో కోపం లేదు, బాధ కూడా లేదు. ఎండ మీద పడితే మనిషి నీడకు జరిగినట్టు జరిగింది, అంతే.

శారోను జరగలేదు. వడ్ల కుప్ప కింద కనబడకుండా పోతున్న అలుకు వైపు చూస్తూ నిలబడింది. ఆమెకు ఎనిమిదేళ్ళు. సన్నటి పిల్ల. కాసేపటికి 'అమ్మో' అన్న కేక విని ఆనందమ్మ వెనక్కి తిరిగేసరికి బుచ్చిరాములు నుదురు పట్టుకుని వంగి ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. శారోను చేతిలో ఇంకో మట్టిపెడ్డ ఉంది. ఒక హమాలీ పరుగెత్తి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తోమాసు లేచొచ్చిండ్రో!" అని ఎవరో ఆనందమ్మ చనిపోయిన భర్త పేరు తీసి అరిచారు. "గా సూపు సూడుండ్రి. గదే సూపు."

ఆనందమ్మ ఉరికి వచ్చి కొంగుతో బుచ్చిరాములు నుదురు అద్దింది. "తప్పయింది తమ్మీ. పసిది. కాళ్ళు మొక్కుత."

"పసిదా?" బుచ్చిరాములు నొప్పిలోనూ నవ్వాడు. "తోమాసన్న పోతే పోయిండు గని, గుణాన్ని ఇంట్లనే ఇడిసిపెట్టి పోయిండు."

అందరూ నవ్వారు. హమాలీలు నవ్వారు, పక్క కుప్పల ఆడవాళ్ళు నవ్వారు. ఎందుకు కొట్టినవే అని పిల్లను ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. ఆ పిల్ల పుట్టిన నాటి నుంచి జవాబు అందరి దగ్గరా ఉంది.

సాయంత్రం ఆనందమ్మ కొడుకు డేవిడ్ కోత మిషన్ దిగి ఇంటికి వచ్చేసరికి ఈ సంగతి అతనికంటే ముందే వచ్చి ఉంది. అతని జుట్టులో, చెవుల్లో పొట్టు. కాళ్ళయినా కడుక్కోకుండా గడప మీద కూర్చున్నాడు.

"బాపూ, ఇటు రా," అని కూతుర్ని పిలిచాడు.

డేవిడ్ కూతుర్ని పేరు పెట్టి పిలవడు. తన తండ్రి తోమాసు చనిపోయిన ఏడే ఆమె పుట్టింది. పుట్టగానే పిడికిళ్ళు బిగించి, నొసలు ముడిచి చూసిందని, అది బాపు చూపేనని, ఆనాటి నుంచి బాపూ అనే అంటాడు. చనిపోయినవాళ్ళు మళ్ళీ పుట్టరని పాస్టరుగారు అతనికి నచ్చజెప్పారు. ఆ పాస్టరుగారే క్రిస్మస్ నాటికలో శారోను గొర్రెల కాపరి వేషం వేసుకుని నడుస్తుంటే, "తోమాసన్న నడక దిగిపోయింది," అని మురిసిపోయారు.

"పెద్దమనిషిని కొడ్తరా బాపూ? పొయ్యి సారీ చెప్పి రా."

శారోను గోడకు బొటనవేలు తన్ని పెట్టి నిలబడింది. "చెప్ప."

"సూసినవా?" లోపల నుంచి అతని భార్య రెబెకా అంది. ఆమె పెద్దపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానాలో పనిచేస్తుంది. ఉతికిన తెల్లకోటును నాలుగు మడతలు పెట్టి అరచేత్తో సాపు చేస్తోంది. "మీ బాపు ఇట్లనేనట గదా. కూరల ఉప్పు ఎక్కువైతే కంచం బోర్లిచ్చి గోడ దిక్కు తిరిగి పండుకునేదట. నేను రేపు సిస్టరమ్మకు ఫోన్ చేస్త. కరీంనగర్ హాస్టల్ల ఎండాకాలం క్యాంపు నడుస్తుంది. సోమవారం ఇడిసిపెడితే అటే బడిల కూడ చేర్చుకుంటరు."

"రక్తంల ఉన్నదాన్ని హాస్టల్ ఏం చేస్తదే?" అన్నాడు డేవిడ్.

"రక్తంల మీ బాపు ఒక్కడే ఉన్నడా? మా బాపు లేడా? మా అవ్వ లేదా? పెంచినట్టు పెరుగుతరు. బాపూ బాపూ అని మీరే నెత్తికెక్కిచ్చుకున్నరు. బాపును ఎవలన్న దండిస్తరా? నేను ఆన్నే సదివిన. గంట కొడితే లేసుడు, గంట కొడితే తినుడు. గంట మీద ఎవలు కోపం చేస్తరు?"

డేవిడ్ తల్లి వైపు చూశాడు. "నువ్వేమంటవ్ అవ్వా?"

ఆనందమ్మ గోంగూర తుంచుతోంది. కంచం బోర్లించిన చప్పుడు ఎట్లా ఉంటుందో ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే బాగా తెలుసు. స్టీలు కంచం నేలకు తగిలి, గిరగిరా తిరిగి, మెల్లగా ఆగుతుంది. ఆగేదాకా ఊపిరి బిగబట్టుకోవాలి. అది ఈ పిల్లలో ఉంటే ఎక్కడికన్నా పంపి తీయించడమే మేలు అనిపించింది.

"పంపుండ్రి," అంది.

తల్లి ఇంకోలా అంటుందని ఎవరూ అనుకోలేదు.

మరునాటి నుంచి వడ్లు ఆరబోత. పల్లపు మూలలో టార్పాలిన్ పరదా వేసి, దానిమీద వడ్లు పలచగా పరిచి, ఎండెక్కిన కొద్దీ తిరగెయ్యాలి. పారతో తిరగేస్తే గింజ విరుగుతుంది. ఆనందమ్మ కాళ్ళతో తిరగేస్తుంది. పాదాలు పైకి ఎత్తకుండా, వడ్లలో దూర్చి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగుతూ నడుస్తుంది. వెనక రెండు చాళ్ళు పడతాయి. ఆ చాళ్ళ పక్కనే శారోను నడుస్తుంది. పెద్ద చాళ్ళ పక్కన చిన్న చాళ్ళు. వంకర పోతే వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతుంది. ఎవరూ చెప్పకున్నా ఆ పిల్ల పని అట్లా చేస్తుంది.

సెంటర్ చూసుకునే మమతారాణి తేమ కొలిచే మిషన్ పట్టుకుని వచ్చింది. గుప్పెడు వడ్లు అందులో పోసి, అంకె చూసి పెదవి విరిచింది.

"ఇంక ఆరాలె పెద్దమ్మా. నువ్వు పల్లంల పోస్తివి, కింది నుంచి చెమ్మ ఎక్కుతుంది." అని శారోను వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది. "అమ్మో, నేను దూరంగ నిలబడాలె. పెడ్డ వస్తదేమో!"

శారోను నవ్వలేదు.

"హాస్టల్‌కు పంపుతరట గదా? ఏమో పెద్దమ్మా. మా ఇంట్ల కవలలు. ఒక్క కడుపు, ఒక్క పాలు, ఒక్క మంచం. ఒకడు పండుకోబెట్టిన కాడ్నే లేస్తడు. ఒకడు తెల్లారెసరికి బీరువా మీదుంటడు. మా అత్తమ్మ, మంచోడు మా పోలిక, బీరువోడు మీ పోలిక అంటది. నేను ఊకుంటనా? ఇద్దరు మీ కొడుకు పోలికనే, పగలు పండుకుంటడు, రాత్రి ఎక్కుతడు అన్న."

పక్క కుప్ప ఆడవాళ్ళు పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆనందమ్మ కూడా నవ్వింది, చప్పుడు కాకుండా.

ఎండ నెత్తిమీదికి వచ్చాక తాటాకు పందిరి కింద కూర్చున్నారు. శారోను కాలివేళ్ళ సందుల్లో ఇరుక్కున్న గింజలు తీసుకుంటూ, "బాపమ్మా, గార్డు కథ చెప్పు," అంది.

ఆ కథ ఆ పిల్ల చాలాసార్లు విన్నది. ఆనందమ్మకు కూడా అది చెప్పడం ఇష్టం. చెబుతున్నప్పుడు సెంటర్, దుమ్ము, లారీలు అన్నీ పోయి ఉట్నూర్ అవతల తన పుట్టిన ఊరు కళ్ళ ముందుకు వస్తుంది. ఎండాకాలపు అడవి. ఆకు రాలిన టేకుచెట్లు. వాగులో ఇసుక తోడితే ఊరే చల్లని నీళ్ళు.

"మా అక్క శంకరవ్వ, నేను మొర్రిపండ్లకు పోయినం. పొద్దంత ఏరి గంప నింపినం. నల్లగ, నిగనిగ. ఒక్కటి నోట్ల వేస్కుంటే చెక్కెరే. వచ్చేటప్పుడు జంగ్లాత్ గార్డు అడ్డమొచ్చిండు. సర్కారు అడివి, గంప పెట్టుండ్రి అన్నడు. గుంజుకున్నడు. కొన్ని తిన్నడు, మిగిలినయి కింద పారబోసి బూటుతోని తొక్కిండు."

"పెద్ద బాపమ్మ ఏం చేసింది?"

"ఎగిరి ముంజేయి కొరికింది. అంగీ మీదికెల్లే. ఇడువలే. వాడు గుంజుతుండు, ఇది ఇడుస్తలేదు. ఖాకీ అంగీ గంజి పెట్టిందుండె, పంటి కింద కటకటమన్నది. బీడి పొగ వాసన. చెమట ఉప్పు. వాడు చెంప మీద కొడితే గప్పుడు ఇడిసిపెట్టింది. ఇంటికొచ్చినంక మా బాపు భయపడ్డడు. గార్డుతోని పెట్టుకుంటవా అని కొట్టంల గుంజకు కట్టేసిండు, బర్రె పక్కన. పొద్దుగూకెదాక."

"ఏడ్సిందా?"

"ఏడువలే."

"నువ్వేం చేసినవ్?"

ఆనందమ్మ ఆగింది. ఈ ప్రశ్న ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. "నేనా? నేను ఆడ్నే ఉన్న," అని లేచి, కాళ్ళు వడ్లలో దూర్చింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి శంకరవ్వ వాకిట్లో కూర్చుని ఉంది. పొద్దున్నే ఉట్నూర్‌లో బస్సెక్కిందట. పండిన వెంట్రుకలు, మోకాళ్ళ నొప్పులు, చేతిలో గుడ్డ కట్టిన బుట్ట. గుడ్డ విప్పితే మొర్రిపండ్లు. ఆనందమ్మ ఒక పండు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకరి చేతిని ఒకరు నిమురుకుంటూ కూర్చున్నారు.

హాస్టల్‌కు సర్దిన పెట్టె అరుగు మీద ఉంది. శారోను దానిమీద కూర్చుని శంకరవ్వ నోటి వైపే చూస్తోంది. ఆ నోట్లో పళ్ళు ఎక్కువ లేవు.

"పెద్ద బాపమ్మా, గార్డు చెయ్యి కొరికినప్పుడు నీ పండ్లు ఊగినయా?"

"ఏ గార్డు పోరీ?"

"జంగ్లాత్ గార్డు. మొర్రిపండ్లు తొక్కినోడు."

శంకరవ్వ నోరు తెరిచి నవ్వింది. "అగ్గబాయ్! నేను కొరికిన్నా? నేను చెట్టెక్కి దాసుకున్న. భయానికి లంగ తడుపుకున్న. కొరికింది గిదే, మీ బాపమ్మ."

"ఊకో అక్కా," అంది ఆనందమ్మ. "నువ్వే గదా. నిన్నే గదా బాపు గుంజకు కట్టేసింది."

"నన్ను కట్టేసుడేంది? నేను పైటకొంగుల రొట్టె పెట్టుకొచ్చి నీకు తినిపియ్యలే? నువ్వు తినలే, ఉమ్మేసినవ్. గార్డు గంప తెచ్చిచ్చేదాక తిన అన్నవ్. మర్చిపోయినవా భీమవ్వా?"

"భీమవ్వ ఎవలు?" అంది శారోను.

"గిదే. పెండ్లికి ముంగట భీమవ్వ. మీ తాతోళ్ళది కిరస్తానం గదా. పెండ్లప్పుడు అయ్యగారు ఏం పేరు పెట్టుకుంటవమ్మా అని అడిగిండు. మా బాపు దండం పెట్టి, నవ్వుకుంట ఉండేటి పేరు పెట్టుండ్రయ్యా, మా పిల్లకు కోపం జాస్తి అన్నడు. గందుకే ఆనందమ్మ." శంకరవ్వ శారోను గడ్డం పట్టి పైకి ఎత్తింది. బిగిసిన దవడను, ముడిపడ్డ నొసలును అటూ ఇటూ తిప్పి చూసింది. "వచ్చినప్పటి సంది సూస్తున్న. ఇది భీమవ్వనే."

"కాదక్కా. ఇది తాత పోలిక. అందరు అంటరు."

"అందరికి నువ్వెట్లెరుక? వాళ్ళు ఆనందమ్మను సూసిండ్రు."

శారోను పెట్టె మీది నుంచి దిగి వచ్చి ఆనందమ్మ మోకాలు పట్టుకుంది.

"పెద్ద బాపమ్మ కొరికితే, ఖాకీ రుచి నీకెట్ల తెలుసు బాపమ్మా?"

ఆనందమ్మ నోట్లో మొర్రిగింజ అట్లాగే ఉండిపోయింది. పంటి కింద అది కటకటమంది. బర్రె ఊపిరి వేడిగా మెడమీద తగిలింది. జనపతాడు మణికట్టును కోస్తున్న మంట తెలిసింది. తన మణికట్టే. శంకరవ్వది కాదు.

ఆ పని అక్కది ఎప్పుడైంది? పెండ్లయిన కొత్తలో ఒక సాయంత్రం తోమాసుకు ఈ ముచ్చట చెప్పబోయింది. తోమాసు అన్నానికి చేతులు కడుక్కుంటున్నాడు. నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. చెంబు కింద పెట్టి, "ఎవరు కొరికింది?" అన్నాడు. "మా అక్క," అంది ఆనందమ్మ. అంతే. ఆ తర్వాత ఎప్పుడు చెప్పినా అక్కే కొరికింది. చెప్పీ చెప్పీ తానే చెట్టెక్కి దాక్కుంది.

పొద్దు వాలుతుండగా పడమటి నుంచి గాలి లేచింది. డేవిడ్ ఫోను మోగింది. సెంటర్ నుంచి మమతారాణి. "వాన పట్టింది, ఉరికి రాండ్రి!"

అందరూ ఉరికారు. శంకరవ్వ కూడా మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. వడ్లు కుప్ప చేసి పరదా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టారు. వాన పెద్దది కాదు, జల్లు కొట్టి వెళ్ళిపోయింది. కానీ మిట్టమీది నీళ్ళన్నీ పల్లానికే వచ్చాయి. కుప్ప చుట్టూ మడుగు కట్టింది. రెబెకా చీర కుచ్చిళ్ళు దోపుకుని బకెట్‌తో ఎత్తి పోస్తోంది. డేవిడ్ పారతో కాలువ తీస్తున్నాడు. అడుగు వడ్లు చేతిలోకి తీస్తే నీళ్ళు కారుతున్నాయి.

"గీ పల్లంల ఎందుకు పోసినవ్ అవ్వా?" డేవిడ్ విసుగ్గా అన్నాడు. "ఊరంత మిట్టమీద పోసుకుంటే నీకు గీడనే దొరికిందా?"

ఏదో పోసిన కొడుకా, అనడానికి ఆనందమ్మ నోరు తెరిచింది. అంతలోనే శారోను మాట్లాడింది.

"బాపమ్మ పోయలే. మిట్టమీదనే ఊడ్చింది, అలికింది. నేను నీళ్ళు మోసిన. బుచ్చిరాములు తాత వచ్చి దానిమీద పోసుకున్నడు. బాపమ్మ ఊకుంది."

డేవిడ్ పార ఆపాడు. "గప్పుడేనా నువ్వు కొట్టింది?"

శారోను తలూపింది.

"మరి ఆనాడే ఎందుకు చెప్పలేవు?"

"మీరు అడగలే. తాత గుణం అన్నరు."

రెబెకా బకెట్ పట్టుకుని నిలబడిపోయింది. ఆనందమ్మకు కూడా ఆ ఉదయం అప్పుడే గుర్తుకు వచ్చింది. గుర్తు పెట్టుకోవలసిన విషయంగా అది ఆమెకు తోచనే లేదు. కొట్టడానికీ, జాగ పోవడానికీ సంబంధం ఉందని ఈ పిల్లకు తప్ప ఎవరికీ తట్టలేదు. ఆ జాగ అలికిన ఆనందమ్మకు కూడా తట్టలేదు.

డేవిడ్ కణత మీద నరం లేచింది. పార భుజాన వేసుకున్నాడు. "వానింటికి పోత. వాని సంగతి..."

మెతకవాడని పేరున్న కొడుకు కణత మీద ఆ నరం తోమాసుదే.

"ఆగు," అంది ఆనందమ్మ.

అతను ఆగలేదు.

"ఆగుమన్న గదరా!"

ఆ అరుపు కాలువ అవతలి దాకా పోయింది. పక్క కుప్పల మనుషులు తలలెత్తి చూశారు. డేవిడ్ పారతో సహా వెనక్కి తిరిగాడు. తల్లి గొంతు అంత పెద్దదని అతనికి తెలియదు. శంకరవ్వ ఒక్కతే ఆశ్చర్యపోలేదు. తడిసిన పరదా అంచు పిండుకుంటూ కూర్చుంది.

"జాగ ఇడిసింది నేను. నేనే అడుగుత. నువ్వు పార కింద పెట్టు." శారోనును దగ్గరికి లాక్కుంది. "రేపు కరీంనగర్ పోవుడు కూడ లేదు."

"అత్తమ్మా," రెబెకా మెల్లగా అంది. "పంపుమన్నది మీరే గదా."

"అన్న. దానిల ఆయన ఉన్నడనుకున్న."

"ఎవరున్నా కొట్టుడు కొట్టుడే. పెద్దమనిషికి నెత్తురొచ్చింది. రేపు ఇంకొకలింటికి పోయే పిల్ల."

"అవు, పెడ్డ తప్పు. పొద్దున నేనే తీస్కపోయి తప్పు చెప్పిస్త. గని దాని నోరు తియ్యకు బిడ్డా. ఇంకొకలింటికి పోయినా నోరు ఎంట తీస్కపోని. నేను తీస్కపోలే. సూడు, వడ్లు నీళ్ళల్ల ఉన్నయి."

రెబెకా వంగి బకెట్ నింపింది. ఎత్తి పోసింది. మళ్ళీ నింపింది. నీళ్ళన్నీ అయిపోయాక, చేతులు తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "నేను కూడ హాస్టల్ల మొదటి దినాలల్ల మస్తు అరిచేదాన్నట," అంది. "మా సిస్టరమ్మ చెప్తుంటది. నాకైతే గుర్తు లేదు."

సోమవారం ఎండ కాసింది. బుచ్చిరాములు నుదుటి మీద పట్టీతో, తన పరదా ఒక పక్కకు మడిచి, కుప్ప మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. అతని వడ్లు అడుగున కూడా తడవలేదు. ఆనందమ్మ శారోను చెయ్యి పట్టుకుని ముందు నిలబడింది.

శారోను నేల చూస్తూ, "పెడ్డతోని కొట్టుడు తప్పు తాతా. ఇంకోసారి కొట్ట," అంది.

"సర్లే బిడ్డా. పిల్లలకు గంత రోషం ఉండొద్దు." బుచ్చిరాములు బీడీ నోట్లో పెట్టుకున్నాడు. పని అయిపోయినట్టు రోడ్డు వైపు చూశాడు. కాసేపటికి మళ్ళీ ఇటు తిరిగాడు. ఆనందమ్మ అక్కడే ఉంది.

"ఇంకేంది వదినే?"

"జాగ."

"ఏం జాగ?"

"గిదే. నేను అలికిన జాగ."

బుచ్చిరాములు నవ్వి, తనతో నవ్వడానికి ఎవరన్నా ఉన్నారేమోనని చుట్టూ చూశాడు. హమాలీలు సంచులు కుడుతున్నారు. మమతారాణి చేతిలో తేమ మిషన్‌తో నిలబడి ఇటే చూస్తోంది.

"గదేంది వదినే, ఆనాడు నువ్వేమన్న అంటే నేను పోసేటోన్నా? ఒక్కమాట అనకపోతివి."

"గప్పుడు అనలే. ఇప్పుడు అంటున్న. నా వడ్లు తడిసినయి, ఆరబొయ్యాలె. సగం ఇడువు." ఆనందమ్మ వంగి అతని పరదా కొస రెండు చేతులతో పట్టుకుంది. "ఆ కొస పట్టు తమ్మీ. కుప్ప జరుపుదాం. నేను కూడ ఎత్తుత."

అతను కదల్లేదు. ఆమె కొస వదల్లేదు. నడుము నొప్పి పుట్టినా అట్లాగే వంగి ఉంది. చివరికి బుచ్చిరాములు బీడీ పారేసి, నేలమీద నలిపి, రెండో కొస పట్టుకున్నాడు.

ఎండ ముదిరేలోపల సగం మిట్ట ఖాళీ అయింది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ తడి వడ్లు తట్టలతో మోసి అక్కడ పరిచారు. రెబెకా దవాఖానాకు పోతూ రోడ్డు మీద నిలబడి ఫోను చేసింది. "ఈ ఏడు పంపుతలేం సిస్టరమ్మా," అనడం వినిపించింది. శారోను కాసేపు చాళ్ళు తీసి, తర్వాత లారీ కింద కుక్కపిల్లలను చూసి అటు ఉరికింది. వాటిలో ఒకదాన్ని గన్నీ సంచిలో దూర్చి, బయటికి తీసి, మళ్ళీ దూర్చి, పడిపడి నవ్వుతోంది.

ఆనందమ్మ మాత్రం పెదవులు కదుపుతూనే ఉంది. అడుగులు మామూలుగా పడటం లేదు, వడ్లలో దభదభ పడుతున్నాయి. చిరిగిన గన్నీ సంచి ఇచ్చినందుకు హమాలీతో కొట్లాడింది. చాయ్ చల్లగుందని చాయ్ వాడితో కొట్లాడింది. తేమ అంకె సరిగ్గా చూడమని మమతారాణితో రెండోసారి కొలిపించింది. శంకరవ్వ పందిరి కింద జారగిలబడి, "ఇగ సాలు తల్లీ," అన్నా వినలేదు.

పగటి అన్నం యాల్లకు శారోను కుక్కపిల్లను చంకలో పెట్టుకుని వచ్చింది. బాపమ్మ పక్కన చాలు తీస్తూ ఆ కొస దాకా నడిచి, మళ్ళీ ఈ కొస దాకా వచ్చింది.

"బాపమ్మా, జాగ దొరికింది గదా. ఇంకెంతసేపు కోపముంటవ్?"

"నాకు తెల్వదే బిడ్డా. నువ్వెట్ల ఇడుస్తవ్?"

శారోను ఆలోచించింది. కుక్కపిల్ల ఆమె చెవి నాకుతోంది.

"ఏమో. ఆకలైతే అదే పోతది."

పందిరి కింద శంకరవ్వ అప్పుడే టిఫిన్ మూత తీసింది. మామిడికాయ పప్పు వాసన వచ్చింది. శారోను అటు ఉరికింది. ఆనందమ్మ చాలు తిప్పుకుని, ఇంకో కొసకు నడిచింది. ఆమెకు ఇంకా ఆకలి కాలేదు.